నాలుగు జీపుల అప్లికేషన్

యూనివర్సిటీలో సీటు రాకపోవడమంత అదృష్టం మనిషికి మరొకటి లేదు! నవ్వకండి. దానికి ముందు ఒక ఏడాది చదువూ సంధ్యా లేకుండా ఇంట్లో కూర్చునే యోగం కూడా కలిసొస్తే, ఇక ఆ పిల్లల తల్లిదండ్రులు పెట్టి పుట్టారన్నమాటే.

ఊరికే అనడం లేదు. మా అమ్మాయి కామేశ్వరికి ఈ రెండు భాగ్యాలూ దక్కాయి. బీయస్సీ ఫస్టు క్లాసులో పాసై, ఒక ఏడాది ఖాళీగా ఉండి, ఆ తర్వాత ఎమ్మెస్సీకి అప్లికేషన్ పెట్టి, రిజెక్టయి, ఇప్పుడు మళ్ళీ పెట్టింది. ఆ అనుభవంతో చెబుతున్నాను. నన్నడిగితే ప్రభుత్వం ఈ పద్ధతిని రాష్ట్రమంతా కంపల్సరీ చేయాలి.

ముందు నా సంగతి. నా పేరు బదరీనారాయణ. పెద్దముడియం దగ్గర ఎర్రబయలుపల్లెలో మాకు బట్టల కొట్టు ఉంది. ప్రొద్దుటూరు నుంచి సరుకు తెస్తాను, ప్రతి గురువారం ఈ పేపరుకు కాలమ్ రాస్తాను. మా ఊళ్ళో రెండు పార్టీలు, తూర్పూ పడమరా. మేం తూర్పు పార్టీ. సిద్ధాంతాలేమిటని అడక్కండి. మా తాత కొట్టు తూర్పు వీధిలో కట్టాడు, అంతే. ఆయన ఆ రోజు రోడ్డుకు అవతల పునాది తీసి ఉంటే నేను పుట్టుకతో పడమటి పార్టీ వాణ్ణి అయ్యుండేవాణ్ణి.

రెండు పార్టీలకూ చెరొక పెద్దాయన ఉన్నారు. మొన్న ఎలక్షన్లకు ముందు ఇద్దరూ జెండాలు మార్చేశారు. ఈయన జెండా ఆయనకు పోయింది, ఆయనది ఈయనకు వచ్చింది. ఊళ్ళో శత్రువులు మాత్రం ఎవరికి వారు పాతవాళ్ళే. పెద్దాయనల పేర్లు రాయను. నా కొట్టులో అద్దాల బీరువాలున్నాయి.

చాలా ఏళ్ళు బాంబులేసుకుని రెండు వైపులా అలిసిపోయాక, జమ్మలమడుగులో ఒక లాడ్జిలో పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. మా వైపు రాజీ అంటే ఏమనుకున్నారు? ఊళ్ళో ఉన్నవన్నీ వంతులేస్తారు! రోడ్డు కాంట్రాక్టు ఒక ఏడు వాళ్ళకు, ఒక ఏడు మాకు. చౌకడిపో అంతే. తిరునాళ్ళలో రథం ముందు నడిచేది అంతే. బస్సులో ఎడమవైపు సీట్లు మావి, కుడివైపువి వాళ్ళవి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి పాపం అతన్ని పడమటి పార్టీ లెక్కలో వేశారు. ఎంత శాంతి! ఎంత క్రమశిక్షణ!

అన్నీ పంచాక ఎవరో అడిగారట, మరి పైచదువుల మాటేమిటని. అవీ పంచేశారు. ఊరినుంచి ఏడాదికి ఒక్క అప్లికేషనే పోవాలి. ఒక ఏడు పడమర, ఒక ఏడు తూర్పు. రెండు పార్టీల పిల్లలూ ఒకే ఏడు పోతే హాస్టల్లో ఎదురుపడతారు. ఎదురుపడితే కొట్టుకుంటారు. లేదా, అంతకన్నా ఘోరం, స్నేహం చేస్తారు.

కామేశ్వరి డిగ్రీ పాసైన ఏడు వంతు పడమరది. నేను మా తూర్పు పెద్దాయన దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాను.

"రాజీ అంటే రాజీనే సెట్టీ. ఒక్కేడు ఆగితే బిడ్డ అరిగిపోతాదా? ఇంతకూ ఏం సదువుతాదంట?" అన్నాడాయన.

"జియాలజీ అన్నా. రాళ్ళ గురించి."

"రాళ్ళా! దానికి ఊరు దాటి పోవల్లనా? ఈడ దినామూ పడతాండాయి గదా!"

ఇంత సూటిగా ఆలోచించగలిగిన ప్రొఫెసరు ఏ యూనివర్సిటీలో ఉన్నాడో చూపించండి.

పడమటి పార్టీలో డిగ్రీ గట్టెక్కినవాడు గొర్రెల తిప్పన్న కొడుకు రంగన్న ఒక్కడే. అతనికి గొర్రెలంటే ప్రాణం, పుస్తకమంటే జ్వరం. అయినా వంతు వదులుకుంటే పార్టీ పరువేం కావాలి? చీకటి పడ్డాక మా పెరటి గోడ దగ్గరికి వచ్చి, కామేశ్వరి చేతనే అప్లికేషన్ నింపించుకుపోయాడు. ఇంటర్వ్యూలో "ఎందుకు చదవాలనుకుంటున్నావు బాబూ?" అని అడిగితే, "నాకేం తెల్సు సార్, మా పెద్దాయన పొమ్మన్యాడు" అన్నాడట. అంత నిజం విని తట్టుకోలేక వాళ్ళు పంపించేశారు. వాడు తిన్నగా మంద దగ్గరికే పోయాడు.

సరే, గ్యాప్ వల్ల మా పిల్లకు కలిగిన లాభాలు చెప్పనివ్వండి. మా చుట్టాలు ఏనాడూ ఇంతమంది వచ్చింది లేదు! వచ్చిన ప్రతివాళ్ళూ మా ఆవిడ రాజేశ్వరమ్మకు ఒక పెళ్ళికొడుకు సంగతీ, ఒక ఉచిత సలహా చెప్పి, ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుపోయారు. పిల్లేమో కళ్ళు మూసుకుని శబ్దం విని, ఇది క్వారీలో మందుగుండు, ఇది పెళ్ళి టపాకాయ, ఇది మనవాళ్ళది అని చెప్పగలిగేది. ఏ ల్యాబులో నేర్పుతారండీ ఇది?

అంతటితో ఊరుకోలేదు. రాజీకి ముందు మా కొట్టు మీద పడిన రాళ్ళన్నీ పెరట్లోంచి ఏరి, కడిగి, పంచెల బీరువాలో ఒక అరలో పేర్చింది. ఇది నాపరాయి, ఇది సున్నపురాయి, ఈ గులకరాయి పెన్నేటిది అని నాకు పాఠం చెప్పేది. ఒకరోజు ఒక రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "నాయినా, ఇది మనోళ్ళు ఏసిందే" అంది. నేను దాన్ని వెంటనే పంచెల వెనక దాచేశాను.

మరుసటి ఏడు మా వంతు వచ్చింది. అప్లికేషన్ పోయింది, ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. పిల్ల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బస్సు టైము కనుక్కుంటూ ఉంటే పెద్దాయన కబురుపెట్టాడు.

"మన పార్టీ బిడ్డ ఒక్కతే బస్సులో పోతే ఊరు ఏమనుకుంటాది? నాలుగు జీపులు ఏస్తాండా."

మా ఊళ్ళో అది మర్యాద. కోర్టు వాయిదాకు పోయినా, పెళ్ళిచూపులకు పోయినా, పిప్పిపన్ను పీకించుకోవడానికి పోయినా వెంట జీపులుండాలి. ప్రొద్దుటూరు దారిలో పడమటి వాళ్ళ బంధువుల ఊరొకటి ఉంది కాబట్టి పులివెందుల మీదుగా చుట్టు తిరిగి బయల్దేరాం. నేనూ పిల్లా రెండో జీపులో, మనుషుల మధ్య ఇరుక్కుని. దారిలో గండి ఆంజనేయస్వామి దగ్గర ఆగి మావాళ్ళు టెంకాయలు కొట్టారు. ఆ ఊపు చూసి యాత్రికులు ప్రసాదం కూడా తీసుకోకుండా ఏట్లోకి దిగిపోయారు.

యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. "ఎవరు మీరంతా?"

"ఇంటర్వ్యూకు వచ్చినాం."

"ఇంతమందా?"

"సదివేది బిడ్డ ఒక్కతేలేప్పా. మేం ఊరికే నిలబడుకుంటాం."

నిలబడ్డారు. మీసాలు మెలేసుకుంటూ, పోలింగు బూతుకు కాపలా కాసినట్టు, కిటికీకొకరు నిలబడ్డారు. లోపల కమిటీలో ఉన్న ముగ్గురు ప్రొఫెసర్లూ కిటికీల వంక చూశారు. తర్వాత మా పిల్ల వంక చూశారు. ఆమె చేతిలో బరువైన గుడ్డసంచి.

"అందులో... ఏముందమ్మా?" అని పెద్ద ప్రొఫెసరు అడిగాడు.

"రాళ్ళు సార్" అంది కామేశ్వరి, సంతోషంగా.

వెనక తలుపు ఒకటుందని ఆ డిపార్టుమెంటులో అంతవరకూ ఎవరికీ తెలియదట! ముగ్గురూ ఒక్కసారే కనుక్కున్నారు. పెద్ద ప్రొఫెసరు చెప్పులు బల్లకిందే ఉండిపోయాయి. పిల్ల సంచి ఒళ్ళో పెట్టుకుని ఖాళీ కుర్చీలకు ఎదురుగా సాయంత్రం దాకా కూర్చుంది. చివరికి అటెండరు వచ్చి ఫ్యాను ఆపేశాడు.

పది రోజులకు కాగితం వచ్చింది. అభ్యర్థిని హాజరు, కమిటీ గైరుహాజరు, కావున సీటు ఇవ్వడానికి వీలుపడదు అని రాశారు. ఇంత న్యాయమైన తీర్పు మీరెక్కడైనా చూశారా?

పెద్దాయన ఆ కాగితం చదివించుకుని పొంగిపోయాడు. "మనల్ని చూసి యూనివర్సిటీనే పారిపోయిందిరా!" అని టపాకాయలు కాల్పించాడు. కామేశ్వరి మెడలో బంతిపూల దండ వేసి, టాపులేని జీపులో నిలబెట్టి, ఊరంతా ఊరేగించారు. రిజెక్టయిన పిల్లకు ఊరేగింపు! మీ పిల్లలకు ఏ ఊరు చేసింది?

ఇంటికొచ్చాక పిల్ల ఆ దండ తీసి గజంబద్దకు తగిలించి, కొట్టులో చాప మీద కూలబడింది.

"నన్ను ఒక్క ప్రశ్న గూడా అడగల్యా నాయినా" అంది.

ఏడాదంతా ఒకే పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివిన పిల్ల అది. ఆ పొద్దు కొట్టు తొందరగా కట్టేశాను.

సరే, మళ్ళీ మన అదృష్టం సంగతికి వద్దాం. ఈ ఏడు వంతు పడమరది. ఇక మాకు ఇంకో గ్యాప్ ఖాయమని మురిసిపోతూ ఉంటే తిప్పన్న వచ్చి చెడగొట్టాడు.

"మావాడు మంద ఇడిసి రాడంటాండాడు. మా వంతు పాపకిస్తామప్పా. పోయినసారి మావాని కాగితం నింపింది ఆ బిడ్డే గదా" అన్నాడు. పోయి వాళ్ళ పెద్దాయన్ను కూడా ఒప్పించాడు. అప్లికేషన్ పోయింది, మళ్ళీ పిలుపొచ్చింది.

పడమటి పెద్దాయన ఒక్క షరతు పెట్టాడు. వంతు తమది కాబట్టి జీపులూ తమవే పోవాలి. మా పెద్దాయన ఊరుకుంటాడా? పిల్ల తమది కాబట్టి తమ జీపులే పోవాలన్నాడు. రెండు రోజులు ఊళ్ళో ఎవరూ తలుపులు తీయలేదు. చివరికి అందరూ కలిసి ఒక మాటకొచ్చారు: వీళ్ళవి నాలుగు, వాళ్ళవి నాలుగు. మా ఊరి చరిత్రలో రెండు పార్టీలూ కలిసి చేస్తున్న మొదటి పని ఇదే! పోయినసారి ముగ్గురు ప్రొఫెసర్లు పారిపోతే, ఈసారి వైస్ ఛాన్సలరుతో సహా అందరూ పోవచ్చు. రేపు శుక్రవారమే ఇంటర్వ్యూ, రేపే ప్రయాణం. డీజిలు కొట్టించి, జెండాలు కట్టి, ఎనిమిది జీపులూ రోడ్డు మీద పెట్టారు.

ఈ మహాభాగ్యం చూసినప్పుడల్లా నాకు ఆ పెద్దాయనల సొంత పిల్లలు గుర్తొచ్చి జాలేస్తుంది. తూర్పు పెద్దాయన కొడుకూ, పడమటి పెద్దాయన కొడుకూ బెంగుళూరులో ఒకే కాలేజీ, ఒకే హాస్టలు. వాళ్ళకు వంతులు లేవు. గ్యాపు లేదు. రిజెక్షన్ లేదు. సెలవులకు వచ్చినప్పుడు ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో, ప్రొద్దుటూరు దాకా కబుర్లు చెప్పుకుంటూ వచ్చి అక్కడ విడిపోతారట. వెంట ఒక్క జీపైనా లేదు పాపం! ఏం పాపం చేశారో ఆ పిల్లలు!

ఇక ఒక్క మాట. ఈ పేపరు మా ఊరికి పదకొండు గంటల బస్సులో వస్తుంది. తూర్పు పెద్దాయనకు ఆయన వసారాలో, పడమటి పెద్దాయనకు ఆయన వసారాలో ఎవరో ఒకరు నా కాలమ్ చదివి వినిపిస్తారు. ఇంతవరకూ ఓపిగ్గా విన్న పెద్దలిద్దరికీ నమస్కారం.

ఇంటర్వ్యూ శుక్రవారమని మీకు అబద్ధం చెప్పాను. ఈ రోజే, గురువారమే, పదింటికి. ఇది మీ చెవిన పడేసరికి మా అమ్మాయి లోపలికి పోయి కూర్చుని ఉంటుంది. ఎనిమిది జీపులు ఎంత వేగంగా తోలినా ఇక అందుకోలేరు. ముందురోజే పిన్ని ఇంటికని ప్రొద్దుటూరు పోయి, తెల్లవారుజామున అక్కడ బస్సెక్కి ఉంటుంది. ఒక్కతే. నేను కూడా వెంట లేను. కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటానని చెప్పింది. రాజీ అయ్యాక ఆ వైపు ఎన్నడూ కూర్చోలేదు మరి.

సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే పోనీండి. ఈసారి రాకపోతే అది ఆమె చెప్పిన జవాబులకు రాకపోవాలి. ఎవరో ఒకరు ఆ పిల్లను కూర్చోబెట్టి ఒక్క ప్రశ్నయినా అడగాలి. నాకు కావలసింది అంతే.

సాయంత్రం నా బీరువాల అద్దాలు పగులుతాయని తెలుసు. పంచెలు ముందే తీసి లోపల పెట్టాను. విసిరేవాళ్ళకు ఒకటే మనవి: పడిన రాళ్ళు పడినచోటే ఉండనీయండి. పాప వచ్చి చూసుకుంటుంది.