ముసుగు తీయరాదు

మగవాడై పుట్టినందుకు ఐదు ఉండి తీరాలి: ఇల్లు, ఇల్లాలు, గుర్రం, వంకీల కత్తి, పంజరంలో పిట్ట!

జావా పెద్దలు ఏనాడో చెప్పిన మాట ఇది. పెద్దల మాట చద్దిమూట అన్నారు కనుక దర్సోనో ఆ మూట విప్పి ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. ఇల్లు ఉంది, మామగారిది. గుర్రం ఉంది, రెండు చక్రాలది; తన్నితే గాని కదలదు కాబట్టి గుర్రమనే అనాలి. తాతలనాటి వంకీల కత్తి ఉంది, తుప్పు పట్టి ఒరలోంచి రానంటోంది. ఇల్లాలు వార్సితి ఉంది. కత్తికి లేని పదునంతా ఆవిడ నాలుకకు ఉంది. లేనిదల్లా పిట్ట!

క్లాతెన్ పట్నం ఆవల, పేరుతో మనకు పనిలేని ఒక మండలంలో, పిట్ట లేని మగవాడికి పిల్లనిస్తారు గాని ప్రమోషన్ ఇవ్వరు. దర్సోనో అక్కడి మండలాఫీసులో పెద్ద గుమాస్తా. కార్యదర్శి కుర్చీ ఖాళీ అవుతోంది. ఆ కుర్చీ మీద ఆశ పెట్టుకుని ఆయన జుట్టు సగం నెరిసింది, మిగతా సగం రాలింది. ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చేది మండలాధికారి ప్రవిరోతమో గారు.

ప్రవిరోతమో గారంటే మాటలా! ఆయన కెనరీ పిట్ట నాలుగు మండలాల్లో పేరుమోసింది. పసుపుపచ్చని ఒళ్ళు, ఎడమ రెక్క మీద బూడిదరంగు మచ్చ. శుక్రవారం పొద్దున సిబ్బందంతా వరసల్లో నిలబడి కసరత్తు ముగించగానే, ఆ చెమటల మీదే ఆయన ఉపన్యాసం మొదలయ్యేది. విషయం: పెంపుడు చిలకలు, పిట్టలు, వాటి సంరక్షణకు ఆచరణాత్మక సూచనలు.

"నీళ్ళు!" అని గర్జించేవారు. "రోజుకు రెండుసార్లు మార్చాలి! నీళ్ళగిన్నె ఎండిందా, అది పంజరం కాదు, శ్మశానం! లవ్‌బర్డ్‌నీ కెనరీనీ ఒక పంజరంలో పెట్టకండి. బుల్లిచిలకే గదా అనుకుంటారు. దాని ముక్కు పట్టకారు! పక్కదాని కాలివేళ్ళు కొరికేస్తుంది. పై అధికారికి వేరే గది ఎందుకిస్తారనుకున్నారు మరి? పొద్దుటెండ తగలాలి, మిట్టమధ్యాహ్నపుటెండ తగలరాదు. వంటింటి పొగ అసలే పనికిరాదు. ఈకలు రాల్చే కాలంలో ఉడికిన గుడ్డు పెట్టండి, పంజరానికి ముసుగు వేయండి. ఏం జరిగినా సరే, ముసుగు తీయరాదు!"

కాలవల మరమ్మతు దస్త్రాలు బల్లల మీద పిల్లలు పెడుతుంటే, సిబ్బంది గుడ్డు ఎంతసేపు ఉడకాలో రాసుకునేవారు.

అలాంటి మహానుభావుడు ఒకనాడు దర్సోనోను తన గదిలోకి పిలిచారు. బల్ల మీద ముసుగు కప్పిన పంజరం ఉంది.

"దర్సోనో! నేను రాజధానికి శిక్షణకు పోతున్నాను. 'పరిపాలనలో నిజాయితీ' అని, నెల రోజులు. మా ఆవిడేమో పుట్టింటికి పోతోంది. నా ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నాను."

"చిత్తం సార్! నా ప్రాణం అడ్డువేస్తాను."

"నీదెందుకయ్యా, దాన్ని చూసుకో చాలు. ఈకలు రాలుస్తోంది. మండలం పుట్టినరోజుకి జిల్లా పాలకుడు గారు దీని పాట వినడానికే వస్తానన్నారు. నేను తిరిగొచ్చేదీ ఆ రోజే. పంజరం తిన్నగా సభకి తీసుకురా. నా పిట్టను కాచినవాడు మండలాన్ని కాయలేడా? కార్యదర్శి కుర్చీ సంగతి నేను మరిచిపోలేదు."

దర్సోనో పంజరం ఎత్తాడు. దూదిలా ఉంది! పెంపకమంటే ఇదీ, పిట్టకు ఒంట్లో పిసరు కొవ్వు లేదు, అని మురిసిపోయాడు.

ఇంటికొచ్చి వసారా దూలానికి వేలాడదీశాడు. పొద్దునా సాయంత్రం ముసుగు కింద చెయ్యి దూర్చి, తడుముకుంటూ చిన్నతలుపు తీసి, నీళ్ళు మార్చాడు, గుడ్డుముక్క పెట్టాడు. మూడోనాడు వార్సితి చీపురు పక్కన పడేసి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏమండీ, పెట్టిన గుడ్డు పెట్టినట్టే తీస్తున్నారు. అది తింటోందా, ఉపవాసముందా?"

"ష్! ఈకలు రాలుస్తోందే."

"రాలిస్తే ఒక్క ఈకన్నా కింద పడదూ?"

అంటూనే ముసుగు ఎత్తేసింది. దర్సోనో "అయ్యో, తీయరాదు!" అనేలోపు అంతా అయిపోయింది. పంజరంలో ఊచలున్నాయి, నీళ్ళగిన్నె ఉంది, గుడ్డు ఉంది. పిట్ట లేదు!

దర్సోనో అక్కడే కూలబడ్డాడు. "చెయ్యి దూర్చినప్పుడు తప్పించుకుపోయిందే! నేనే చేజార్చుకున్నాను! కుర్చీ పోయింది, పరువు పోయింది, రేపు ఆఫీసులో నా మొహాన ఉమ్మేస్తారు!"

"ఊరుకోండి, చిన్నపిల్లాడిలా." వార్సితి ముసుగు మళ్ళీ కప్పింది. "ఈకలు రాలుస్తోందని మీ దొరే చెప్పాడు గదా. రాల్చనీండి."

ఆ విధంగా మండల చరిత్రలో తొలిసారి, లేని పిట్టకు సేవ మొదలైంది. దర్సోనో పొద్దుటే లేచి పంజరాన్ని ఎండలో పెట్టేవాడు, ఎండ ముదరగానే నీడకు తెచ్చేవాడు. నీళ్ళు రెండుసార్లు మార్చేవాడు. అడుగు రేకు కడిగేవాడు. గుడ్డు సంగతి మాత్రం, చాటుగా తనే తినేవాడు.

పొరుగింటి తుగిమిన్‌కు లవ్‌బర్డ్ ఒకటి, చిన్న చారల ఫించ్ పిట్టలు ఒక జత ఉన్నాయి. అతను గోడ మీంచి తొంగిచూశాడు.

"దర్సోనో అన్నా! ఆ రేకు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి గదన్నా! ఒక్క రెట్ట చుక్క లేదు! మావి పూటకోసారి పంజరం నాశనం చేస్తాయి."

"వంశం, తమ్ముడూ, వంశం! మర్యాద తెలిసిన పిట్ట."

"గొంతు కూడా వినబడట్లేదే?"

"లోలోపల సాధన చేస్తోంది. శ్రద్ధ పెట్టి వినాలి. అందరికీ వినబడదు."

అందరికీ వినబడదు అన్నాక తుగిమిన్‌కు వినబడక ఛస్తుందా! చెవి ఒగ్గి, కళ్ళు మూసుకుని, తల ఊపాడు. "ఆహా! మంద్రంలో మొదలెట్టింది!"

తెల్లారేసరికి వసారా సంతలా తయారైంది. ఆ ఊళ్ళో గొప్ప పిట్ట పక్కన కుర్రపిట్టను వేలాడదీసి పాట నేర్పించడం ఆనవాయితీ. ముసుగుపంజరం చుట్టూ పది పంజరాలు వేలాడాయి. ముసుగులోంచి వచ్చే పాటను ఒకరు సెలయేరన్నారు, ఒకరు వేణువన్నారు. ఏమీ వినబడటం లేదన్న ఒక ముసలాయనను చెవుల వైద్యుడి దగ్గరికి పంపారు. వారం తిరగకుండా తుగిమిన్ లవ్‌బర్డ్ కూత మానేసి ముడుచుకు కూర్చుంది.

"చూశావా అన్నా!" అని పొంగిపోయాడు తుగిమిన్. "గోల మానేసింది! గురువు గాంభీర్యం ఒంటబట్టింది!"

వార్సితి ఆ పంజరంలోకి వంగి చూసింది. "గాంభీర్యం కాదయ్యా, జలుబు! చిలకను రాత్రంతా ఈదురుగాలిలో వదిలేస్తే ఇంకేమొస్తుంది? తీసుకుపోయి వెచ్చగా పెట్టు."

జనం ముసుగును నమ్మారు సరే, సభలో ముసుగు తీయక తప్పదు. ఆ రోజు దగ్గరపడే కొద్దీ దర్సోనోకు అన్నం సయించలేదు. చివరికి వార్సితే తన చెవిదుద్దులు అమ్మి పిట్టల సంతకు పోయి ఒక కెనరీని తెచ్చింది. పసుపుపచ్చని ఒళ్ళు, బూడిదరంగు మచ్చ. అన్నీ సరిపోయాయి గాని, మచ్చ కుడి రెక్క మీద ఉంది!

"ఎడమ రెక్క మీద ఉండాలే!" అని మొత్తుకున్నాడు దర్సోనో.

"సంతంతా తిరిగితే ఇదొక్కటే దొరికింది. రంగు వేద్దామా? రేపు స్నానం చేయిస్తే కారిపోతుంది."

ఆ పిట్ట ఇంట్లో ఉన్నది కొద్దిరోజులే. కానీ వార్సితి బియ్యం ఏరుతుంటే పాడేది, ఆవిడ తలెత్తి చూస్తే ఆపేది, మళ్ళీ తల దించుకుంటే అందుకునేది. ఇరవయ్యేళ్ళ కాపురంలో తన పనికి తాళం వేసినవాళ్ళు ఆవిడకు ఎవరూ లేరు. పిట్టను దొర పంజరంలోకి మార్చి ముసుగు కప్పుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావేమే?"

"దుద్దుల కోసం," అంది వార్సితి.

మండలం పుట్టినరోజు వచ్చింది. సభామంటపం కిటకిటలాడుతోంది. ముందువరసలో జిల్లా పాలకుడు గారు. రాజధాని నుంచి అప్పుడే దిగిన ప్రవిరోతమో గారు వేదిక మీద ఉపన్యాసం దంచారు. నిజాయితీ అంటే ఏమిటి, దాన్ని ఎన్ని రకాలుగా విభజించవచ్చు, అన్నీ చెప్పారు. ఇక ముసుగుపంజరం తెచ్చి వేదిక మీద పెట్టారు. మచ్చ! కుడి రెక్క! ఒక్క చూపుకు పట్టేస్తారు, అనుకున్నాడు దర్సోనో.

ప్రవిరోతమో గారు ముసుగు అంచు పట్టుకున్నారు. ఇంకా ఎత్తలేదు. జానెడు కూడా ఎత్తలేదు. అంతలోనే గొంతు పగిలేలా ఒక కేక పెట్టారు.

"అయ్యో! నా బంగారుతల్లీ! ఎగిరిపోయావా! దర్సోనో, ఎంత పని చేశావయ్యా! నమ్మి నీ చేతుల్లో పెడితే నా పిట్టను పోగొట్టావే! జిల్లా పాలకుల వారికి నా మొహం ఎలా చూపించనురా దేవుడా!"

అని రోదిస్తూ, ముసుగు సర్రున లాగేశారు.

వెలుతురు పడగానే కెనరీ ఒళ్ళు దులుపుకుంది. జనాన్ని ఒకసారి చూసింది. గొంతు ఉబ్బించి పాట అందుకుంది!

ప్రవిరోతమో గారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఆడవాళ్ళ వరసలో ఆయన భార్య, పక్కనున్న వార్సితి మోచెయ్యి పట్టుకుని గుసగుసగా అంది: "ఇదేం చోద్యమమ్మా! దాన్ని జామచెట్టు కింద పాతిపెట్టి నెల దాటింది గదా! ఈయన పక్క ఊళ్ళో నీళ్ళు మార్చడం గురించి ఉపన్యాసానికి పోయి, దానికి నీళ్ళు పోయడం మరిచిపోతేనూ!"

వార్సితికి అంతా తేటతెల్లమైంది. దర్సోనోకూ, ఆ ఏడుపు ముందొచ్చి చూపు వెనకొచ్చినప్పుడే, తల తిరిగి తత్త్వం బోధపడింది. పోగొట్టాడన్న నింద మోయడానికే తనను ఎన్నుకున్నారన్నమాట! నెల రోజులు ఖాళీ పంజరానికి కాపలా కాయించారన్నమాట! ఒళ్ళు మండిపోయింది. కానీ మొహం మీద మాత్రం గుమాస్తా చిరునవ్వు చెదరలేదు.

"సార్," అన్నాడు వినయంగా, అందరికీ వినబడేలా. "మీ పిట్టేనా, ఒకసారి చూసి చెప్పండి. ఎడమ రెక్క మీద మచ్చ ఉండాలన్నారు. ఇది కుడి రెక్క మీద..."

సభ మొత్తం మెడలు చాచింది. ప్రవిరోతమో గారు పంజరం మీదికి వంగి ఆ మచ్చను చూశారు. కాదంటే, ముసుగు తీయకముందే పిట్ట లేదని ఎలా తెలిసిందని అడుగుతారు.

"నాదే!" అన్నారు. "కన్నబిడ్డను గుర్తుపట్టనా! ఈకలు రాల్చాక మచ్చ ఆ రెక్క నుంచి ఈ రెక్కకు జరుగుతుంది. శాస్త్రం! ఇందాక కార్చినవి ఆనందబాష్పాలు. పోయి ఉంటే ఎంత బాధపడేవాణ్ణో ముందుగా చూపించాను, అంతే!"

చప్పట్లు మంటపం కప్పు లేపేశాయి. మచ్చలు జరుగుతాయని తనకు ఎప్పటినుంచో తెలుసునని తుగిమిన్ పక్కవాళ్ళతో చెప్పాడు. జిల్లా పాలకుడు గారు పాట విని, ఇంత శ్రద్ధగా కాచినవాడికి కార్యదర్శి పదవి ఇవ్వక ఇంకెవరికిస్తారు అన్నారు. అంతమందిలో అన్నాక కాదనేదెవరు?

భోజనాలయ్యాయి. ఆ ఊళ్ళో విందుకు వెళ్ళినవాళ్ళు ఉత్తచేతులతో తిరిగిరారు; వెదురు పెట్టెలో అన్నం, పనసకాయ కూర, పులిసిన సోయాగింజల టెంపే వేపుడు సర్ది ఇంటికిస్తారు. ప్రవిరోతమో గారు ముసుగు కప్పిన పంజరంతో కారెక్కారు. జనమంతా వెదురు పెట్టెలతో ఇళ్ళు చేరారు.

"నా ప్రమోషన్ భోజనం! పనసకాయ కూర తియ్యవే," అని దర్సోనో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

వార్సితి పెట్టె మూత తీసింది. అల్లిక సందుల్లోంచి గాలి పీల్చుకుంటూ వచ్చిన కెనరీ తల బయటపెట్టి "కిచ్" మంది.

"ఒసేవ్!" దర్సోనో ఎగిరి లేచాడు. "దొర పిట్టను దొంగిలించావా!"

"దొర పిట్ట జామచెట్టు కింద ఉంది. ఇది నా పిట్ట. అందరూ టెంపే కోసం తోసుకుంటుంటే ముసుగు కింద చెయ్యి దూర్చాను. మీ దగ్గరే నేర్చుకున్న విద్య. పనసకాయ కూర తుగిమిన్ భార్యకు ఇచ్చేశాను. మీరు గుడ్డు తినండి, అలవాటేగా!"

ఆ రాత్రి దర్సోనోకు కునుకు పట్టలేదు. పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని అధికారి గదిలోకి వెళ్ళాడు. బల్ల మీద పదవి ఉత్తర్వు ఉంది, సంతకం లేదు. కిటికీ దగ్గర ముసుగుపంజరం వేలాడుతోంది. సిబ్బంది గుమ్మంలో మూగి చెవులు రిక్కించి వింటున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పిట్ట కులాసాయేనా సార్?" అన్నాడు దర్సోనో.

ప్రవిరోతమో గారు కలం తీసి ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

"మళ్ళీ ఈకలు రాలుస్తోందయ్యా."

"అయితే ముసుగు తీయరాదు సార్," అన్నాడు కార్యదర్శి దర్సోనో.

"ఆహా! మంద్రంలో మొదలెట్టింది!" అన్నారు గుమ్మంలోంచి ఎవరో.