తార్‌బహార్ కుటుంబాల సామూహిక అదృశ్యం

“ఈ దేశంలో పరిశోధక మేధస్సు రెండు చోట్లే ఉంది. ఒకటి ఢిల్లీలో. రెండోది తార్‌బహార్‌లో, ఈ టోపీ కింద!” అని చంద్రమౌళి బావ ప్రకటించాడు. టోపీ మా మావయ్యది, రైల్వే గార్డు డ్యూటీ నాటిది.

నాకు మాత్రం ఏడుపొస్తోంది. ఊళ్లో పదో తరగతి ముగించి బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలోని మావయ్య ఇంటికొచ్చిన నాకు తెలుగు సంఘం ఒక పని అప్పగించింది. ఈ ఊళ్లోని మనవాళ్ల వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఒకరికి క్వార్టర్ ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. అప్పయమ్మగారికైతే మూడు ముద్దుపేర్లు. ఇవేవీ గళ్ల పట్టికలో ఇమడవని, ఎవరి వివరాలు వారి పత్రంలో ఉండేలా ఒక ఇంజనీరుగారు డాక్యుమెంట్ డేటాబేస్ పెట్టి, నడపడం నేర్పి, కోర్బాకి బదిలీ అయిపోయారు. ఇవాళ ప్రెసిడెంటు త్రినాథరావు తాతగారు చూసి మెచ్చుకుంటే నన్ను కంప్యూటర్ కోర్సులో చేరుస్తారు. లేకపోతే పెట్టె సర్దుకుని ఊరికి.

పొద్దున్నే తెరిస్తే ఆ డేటాబేస్ సర్వర్ నడుస్తోంది. లోపల ఒక్క పత్రం లేదు.

“సున్నా! కుటుంబాలకు కుటుంబాలే అపహరణ!”

“మనుషులు ఇళ్లలోనే ఉన్నారు బావా. వివరాలే లేవు.”

“చుప్! నేరస్థులు ఇలాగే మాట్లాడతారు.”

గది చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి, ఏదీ ముట్టుకోవద్దన్నాడు. వేలిముద్రల కోసం కీబోర్డు మీద అత్త పౌడరు డబ్బా కుమ్మరించాడు. ఊడవడానికొచ్చిన అసిరమ్మను ఆమె యాసలోనే నిలదీశాడు.

“నిన్న ఈ గదిలో ఏటి సేసినావు?”

“తుడిసినాను బాబూ.”

“అచ్ఛా! సాక్ష్యాలు తుడిచేశావన్నమాట!”

“మరి ఈ పౌడరెవులు తుడుత్తారు, నీ డిటెట్టివా?”

“బావా, డేటా వేరే డిస్కులో ఉంటుంది. అది అందకపోతే సర్వర్ ఖాళీ ఫోల్డర్‌తో కొత్తగా మొదలెట్టేస్తుందట. ఒక్కసారి వెనక తీగలు చూస్తే…” అని గొణిగాను.

“తీగలు ఎలక్ట్రీషియన్లు చూస్తారే భానూ. డిటెక్టివ్‌లు మనసులు చూస్తారు.”

అంతలో గుమ్మంలో త్రినాథరావు తాతగారి దగ్గు వినిపించింది. ఆయనా అనుమానితుడేనని, చాటుగా గమనించాలని బావ బల్లకింద దూరాడు. పౌడరు ముక్కులోకెళ్లింది. తుమ్మాడు. తల బల్లకి కొట్టుకుంది, కాలు స్విచ్‌కి తగిలింది. కంప్యూటర్ ఆగిపోయింది. వెనక తీగలన్నీ ఊడిపడ్డాయి.

కంగారులో చేతికందిన తీగనల్లా పట్టిన కన్నంలో దూర్చి స్విచ్ వేశాడు. ఒక తీగ మాత్రం చేతిలో మిగిలిపోయింది.

“ఇదెవరిది?”

“నీ ఫోన్ ఛార్జరే బావా. నిన్న ఇక్కడ కూర్చుని మ్యాచ్ చూశావుగా. డిస్కు తీగ పీకి ఇది పెట్టుంటావు.”

“కీలక సాక్ష్యం. కోర్టులో తప్ప చూపించకూడదు,” అని జేబులో కుక్కేశాడు.

కంప్యూటర్‌తో పాటు సర్వరూ మళ్లీ లేచింది. తెర నిండా పత్రాలు! లోపలికొచ్చిన తాతగారు కళ్లజోడు సవరించుకున్నారు.

“ఒలమ్మా, అప్పయమ్మ ముద్దుపేర్లు కూడా ఎక్కించీసినావేటే!”

“కేసు ఛేదించాను!” అంటూ తెల్లటి మొహంతో బావ బల్లకింద నుంచి లేచాడు. “పోయిన కుటుంబాలన్నిటినీ వెనక్కి తెచ్చింది నేనే.”

“అలాగేటి? అయితే ఆ కోర్సు ఫీజేదో నీకే కడతాం. ఇకమీద నువ్వే సూసుకో.”

పెట్టెలో ముందు ఏం సర్దాలా అని లెక్కేసుకోసాగాను.

“కోర్సా? పొద్దున్నే లేచి? బెంచీ మీదా?” బావ మొహం చిట్లించాడు. “మేధావితో హోంవర్కు చేయిస్తారా తాతగారూ? అలాంటి చిల్లర పనులు ఈ పిల్లకి ఇవ్వండి.”

సోమవారం నుంచి క్లాసుకెళ్తున్నాను. మొదట పాస్‌వర్డ్ పెట్టాను, రోజూ ఇంకో డిస్కులోకి నకలు తీస్తున్నాను. తర్వాత ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో నేర్పారు. బావ తనకు అత్యున్నత అధికారం కావాలన్నాడు. చూడటానికి మాత్రమే వీలుండే ఖాతా ఇచ్చాను.

“అన్నీ కనిపిస్తున్నాయి, ఏదీ మారట్లేదు. ఈ హోదా పేరేంటే?”

“రహస్య పరిశీలకుడు.”

సాయంత్రానికల్లా విజిటింగ్ కార్డులు అచ్చేయించుకున్నాడు.