గొయ్యే మన సాక్షి

ఆ రోజు పొద్దున్న టైలర్ మాస్టరు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, వీధి చివరి బడి పిల్లల యూనిఫాంలకు గుండీలు కుట్టించి పంపడం. రెండు, మునిసిపాలిటీకి ఫోన్ చేసి తిట్టడం. రెండోది ఆయనకు పొద్దుటి టీ లాంటిది. అది పడితే గాని మిషను మీద కాలు ఆడేది కాదు.

తిట్టడానికి కారణం షాపు ముందే నోరు తెరుచుకుని ఉంది. ఫుట్‌పాత్ కింద పోయే మురుగుకాలువ మీది పలక ఒకటి వానాకాలంలో విరిగి లోపలికి కూలిపోయింది. నడుములోతు గొయ్యి మిగిలింది. వానలు వెళ్లిపోయాయి, ఎండలు వచ్చాయి, గొయ్యి మాత్రం కదల్లేదు. వీధిలో జనం దానికి అలవాటు పడిపోయారు. పక్కకు జరిగి నడవడం, పిల్లల్ని రెక్క పట్టుకుని దాటించడం, కొత్తవాళ్లు వస్తే "చూసుకోండి" అనడం. పన్ను కట్టేది జనం, పక్కకు జరిగేదీ జనమే. సిగ్గులేని ఈ ఏర్పాటుకు ప్రజల సహకారం అని పేరు కూడా పెట్టారు.

మాస్టరు ఒక్కడే సహకరించలేదు. ఆయన కోపం ముక్కు మీదే ఉంటుంది. చొక్కా బిగువైందని ఎవరైనా అంటే చొక్కాది కాదు తప్పు, పొట్టది అని మొహాన్నే అనేస్తాడు. అందుకే చాటున అందరూ చిటపట మాస్టరు అంటారు. కానీ ఈ కోపం మాత్రం న్యాయమైందే. ఏదో ఒక రోజు ఎవరి కాలో చెయ్యో విరుగుతుందని ఆయన అడిగిన వాడికీ అడగని వాడికీ చెప్పాడు.

ఆ పొద్దున కూడా అదే చెబుతున్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని షాపు మెట్లు దిగాడు. నిన్న చెప్పాను, మొన్న చెప్పాను, మీ ఆఫీసులో మనుషులున్నారా బొమ్మలున్నారా అని గొంతు పెంచాడు. గొంతు పెరిగేకొద్దీ ఆయన వెనక్కి నడుస్తాడు. అది ఆయన అలవాటు. షాపులో అయితే వెనకాల గోడ ఉంటుంది. వీధిలో గోడ లేదు.

దబ్బున పడ్డాడు. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది. "సార్, ఆ గొయ్యి సరిగ్గా ఎక్కడుందో చెప్తారా?"

"నా చుట్టూ ఉందమ్మా" అన్నాడు మాస్టరు.

కుడికాలు మోకాలి కింద విరిగింది. మిషను తొక్కే కాలే. పిండి కట్టు వేసి పంపిస్తూ డాక్టరు, కాలు కదపొద్దు, కోపం తెచ్చుకోవద్దు అన్నాడు. మొదటిది వీలైంది.

మాస్టరు భార్య షాపులోనే కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది, గిరాకీలతో ఆయన చెడగొట్టిన మాటను సర్దుతుంది. ఆమె తమ్ముడు వకీలు. కబురు అందగానే నల్లకోటుతోనే పరిగెత్తుకొచ్చాడు. మాస్టరు అతనితో ఒకే మాట చెప్పాడు. "నాకు వాళ్ల డబ్బు అక్కర్లేదు. ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, కోర్టులో నిలబడి ఈ గొయ్యి ఎందుకు పూడ్చలేదో నా మొహం చూసి చెప్పాలి. అంతే."

వకీలు తల ఊపాడు. కిందటి కేసులో తాను ఎలా దెబ్బతిన్నాడో చెప్పాడు. అతని క్లయింటు గుంతల రోడ్డు మీద పడ్డాడు, కేసు వేశారు. కోర్టు తరఫున చూడ్డానికి మనిషి వచ్చేసరికి రోడ్డు అద్దంలా ఉంది. మీవాడు ఏమీ లేని చోట ఎలా పడ్డాడయ్యా అని జడ్జిగారు అడిగారు. ఫోటోలు చూపిస్తే ఈ గుంత ఏ ఊరిదో ఎవరికి తెలుసు అని అవతలి వకీలు నవ్వాడు.

"అందుకని బావా, కోర్టు మనిషి కళ్లారా చూసేదాకా గొయ్యి ఉన్నది ఉన్నట్టు ఉండాలి. గొయ్యే మన సాక్షి" అన్నాడు.

ఇంకొకరైతే రెండోసారి ఆలోచించేవారు. మాస్టరుకు మాత్రం ఆ మాట నరనరానా ఎక్కింది. ఎందుకంటే ఆయన షాపులో ఎన్నాళ్లనుంచో ఉన్న చట్టం అదే. కుట్టు తప్పిందని ఎవరైనా వస్తే, కుట్టు విప్పకుండా గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాలి. ఇంట్లో విప్పుకుని వచ్చి తప్పు మీదే అంటే ఒప్పుకునే ప్రసక్తే లేదు. విప్పిన కుట్టుకు సాక్ష్యం లేదు. గొయ్యి పూడితే అదీ విప్పిన కుట్టే.

భార్య మాత్రం ఒప్పుకోలేదు. కోర్టు సంగతి తర్వాత, ముందు దాని మీద ఓ చెక్కైనా వేయించండి, పొద్దస్తమానం జనం తిరిగే దారి అంది. ఆయన వినకపోతే గుడ్డముక్కల బుట్టలోంచి ఎర్ర ముక్క తీసి, కర్రకు కట్టి గొయ్యి పక్కన పాతింది. సాయంత్రం తమ్ముడు వచ్చి అది చూసి గుండె పట్టుకున్నాడు. హెచ్చరిక ఉన్నా పడ్డాడంటారు, తీసేయమన్నాడు. మాస్టరు చేతికర్రతోనే దాన్ని పీకేశాడు. ఆమె మర్నాడు ఇంకోటి కట్టింది. ఆయన మళ్లీ పీకాడు. ఆలుమగల మధ్య ఆ వారం నడిచిన సంభాషణంతా ఆ ఎర్రగుడ్డే.

వకీలు పంపిన కోర్టు నోటీసు అందగానే మునిసిపాలిటీకి ఎక్కడలేని చురుకు పుట్టుకొచ్చింది. అన్ని నెలల్లో దొరకని పలక ఒక్క పూటలో దొరికింది. బండి మీద వేసుకుని పనివాళ్లు వచ్చారు. మాస్టరు గొయ్యి పక్కన కుర్చీ వేయించుకుని, కట్టు కాలు బార చాపి, చేతికర్ర అడ్డం పెట్టాడు. ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చార్రా, ఇప్పుడు నా సాక్ష్యాన్ని పూడ్చడానికి వచ్చారా అని గర్జించాడు. పని చెయ్యొద్దని ఓ మనిషి అడ్డుపడడం వాళ్ల సర్వీసులో అదే మొదటిసారి. మారు మాట్లాడకుండా పలకతో సహా వెళ్లిపోయారు. రెండు రోజులకు మళ్లీ వచ్చి, మళ్లీ తిట్లు తిని, ఈసారి ఈల వేసుకుంటూ వెళ్లారు.

అప్పటినుంచి మాస్టరు కాపలా కుర్చీలోనే. అలాగని ఆయన రాతిగుండెవాడేం కాదు. ఎవరూ పడకూడదని ప్రతి మనిషినీ అరిచి ఆపేవాడు. చూసి నడవరా, ఫోన్ జేబులో పెట్టమ్మా, కళ్లు నెత్తికెక్కాయా పెద్దాయనా. ఈ అరుపుకు అదిరిపడి ఓ స్కూటరాయన బండి తిప్పి ఎదుటి మందుల షాపు బోర్డును గుద్దాడు. మందుల షాపాయన బయటికొచ్చి స్కూటరాయన్ని పట్టుకున్నాడు. స్కూటరాయన మాస్టర్ని చూపించాడు. ముగ్గురూ కేకలేసుకుంటుంటే జనం పోగయ్యారు. జనం పోగైన చోటికి టీ బండి వచ్చింది. జనం పోయినా టీ బండి పోలేదు, రోజూ ఇక్కడ తగువు గ్యారంటీ అని దానికి నమ్మకం కుదిరింది. అలా ఓ పక్క కుర్చీ, ఇంకో పక్క టీ బండి, మధ్యలో మిగిలింది గొయ్యి అంచే. మాస్టరు కాపలాకు కూర్చోక ముందు ఆ దారిన పోవడం ఇంతకంటే సులువు.

"ఏవండీ, ఎవరో ఒకరు పడేదాకా లేవరా మీరు?" అని భార్య అడిగింది.

"కోర్టు మనిషి ఎల్లుండి వస్తాడు. ఇన్నాళ్లు ఆగినవాళ్లం రెండు రోజులు ఆగలేమా?" అన్నాడు.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. కోర్టు మనిషి సాయంత్రం వస్తాడనగా, మధ్యాహ్నమే మునిసిపాలిటీ సూపర్‌వైజరు దిగాడు. వెంట పనివాళ్లు, పలక. చేతిలో ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. ఆయన ఎంతో వినయంగా, వీధంతా వినేలా, అయ్యా ప్రజల క్షేమం కోసం ఈ గొయ్యి మూస్తాం, అనుమతి ఇవ్వండి అన్నాడు.

మాస్టరు ఫోన్ వంక చూసి మరీ గొంతు సవరించుకున్నాడు. "నేను బతికుండగా దీన్ని ఎవడూ ముట్టుకోడానికి వీల్లేదు. ఇది నాది."

సరిగ్గా అప్పుడే భార్య అన్నం క్యారేజీ పట్టుకుని మెట్లు దిగింది. ఆ మాట ఆమె చెవిన పడింది. ఇన్నాళ్లుగా మింగిన కోపం ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. ఈ మనిషిని చొక్కా పట్టుకుని లోపలికి ఈడ్చేస్తానని విసవిసా వచ్చింది. టీ బండి పక్కనుంచి తిరిగింది. అదే క్షణాన పనివాడొకడు పలక దించబోతే, మాస్టరు వాణ్ణి ఆపడానికి చేతికర్ర అడ్డంగా విసురుగా చాపాడు. ఆమె కర్ర తప్పించుకోబోయి ఓ అడుగు పక్కకు వేసింది. పక్కన నేల లేదు.

గొయ్యిలోంచి క్యారేజీ గిన్నెలు దొర్లిన చప్పుడు, ఆ తర్వాత ఆమె మూలుగు. మాస్టరు కట్టు కాలి సంగతి మర్చిపోయి కుర్చీలోంచి కిందికి జారాడు. అంచు మీద బోర్లా పడి చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు. కింద నుంచే ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"మీ కాలు విరిగిన రోజు నాకూ కడుపు మండింది. వాళ్లను నరికెయ్యాలనిపించింది. వాళ్లది బద్ధకం, పాడు బద్ధకం. ఒప్పుకుంటాను. కానీ మీకు తెలుసు. ఎవరో ఒకరు పడతారని ఈ వీధిలో అందరికంటే బాగా తెలుసు. తెలిసి, కుర్చీ వేసుక్కూర్చుని తెరిచి ఉంచారు. వాళ్లకూ మీకూ తేడా ఏంటో చెప్పండి."

పనివాళ్లే దిగి ఆమెను పైకి తీశారు. ఎడమకాలి మడమ దగ్గర ఎముక విరిగింది. ఆమెను ఆటో ఎక్కించిన వెంటనే పలక ఎత్తి గొయ్యి మూసేశారు. పట్టుమని పది నిమిషాల పని. మాస్టరు వద్దనలేదు. సాయంత్రం వచ్చిన కోర్టు మనిషి కొత్త పలక మీద నిలబడి, గొయ్యి ఎక్కడండీ అని అడిగి వెళ్లిపోయాడు.

మర్నాడు వకీలు ఇంటికి వచ్చాడు. ముందు గదిలో మంచం మీద అక్క, కుర్చీలో బావ, మధ్య స్టూలు మీద ఇద్దరివీ చెరో కట్టు కాలు. మాస్టరు మొహం పీక్కుపోయి ఉంది. అయినా బావమరిదిని చూడగానే చిటపట మళ్లీ రాజుకుంది. సాక్షి పోతే పోయింది, ఇప్పుడు రెండు కాళ్లున్నాయి, ఇంకో కేసు వెయ్యి, ఈసారి వాళ్లను వదలొద్దు అన్నాడు.

"వేస్తున్నాను బావా. అక్క తరఫున" అన్నాడు వకీలు, నేల చూపులు చూస్తూ. "మునిసిపాలిటీ మీద కాదు. మీ మీద."

మాస్టరు నవ్వబోయి ఆగిపోయాడు. వకీలు నింపాదిగా వివరించాడు. వాళ్లు మూడుసార్లు మూయడానికి వచ్చారు, మూడుసార్లూ మీరే ఆపారు. ఆఖరిసారి అది నాది అని మీ నోటితోనే అన్నారు, సూపర్‌వైజరు ఫోన్‌లో ఉంది, వీధిలో సగం మంది ఫోన్లలోకీ పాకింది. మీ కాలు విరగ్గొట్టిన గొయ్యి మునిసిపాలిటీది, అక్క కాలు విరగ్గొట్టింది మీది.

మాస్టరు భార్య వైపు తిరిగాడు. వెర్రివాడు ఏదో వాగుతున్నాడు, కాదని చెప్పు అన్నట్టు చూశాడు. ఆమె దిండుకు ఆనుకుని తీరిగ్గా కూర్చుంది.

"నాకు మీ డబ్బు అక్కర్లేదండీ" అంది. "మీరు కోర్టులో నిలబడి, ఆ గొయ్యి ఎందుకు మూయనివ్వలేదో నా మొహం చూసి చెప్పాలి. అంతే."

మాస్టరు కోపం కోసం లోపలంతా వెతుక్కున్నాడు, జీవితంలో మొదటిసారి అది దొరకలేదు. చివరికి బావమరిదిని అడిగాడు. "మరి నా తరఫున ఎవరు వాదిస్తార్రా?"

వకీలు కోటు సర్దుకుని లేచాడు.

"మంచి వకీలును చూసుకోండి బావా. అవతల నేనున్నాను."