మట్టెమ్మ వెదురు గదులు

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు నేరేడు కాపు తగ్గింది. పూలకి పుప్పొడి చేరవేసే ఈగలు తగ్గబట్టే అని అధ్యక్షుడు ఎలుగుబంటి కంగారుపడి, మట్టి తేనెటీగల పెంపకం శాఖ పెట్టేశాడు. ఈ ఈగలకు తుట్టె ఉండదు, రాణి ఉండదు. బోలు వెదురులో పుప్పొడి ముద్ద, దానిమీద ఒక గుడ్డు, అడ్డంగా మట్టిగోడ. ఎవరి గూడు వాళ్లదే. ఈ సంగతి శాఖకు తప్ప అడవిలో అందరికీ తెలుసు.

మట్టెమ్మ అనే ఈగ వెదురు కోసం దరఖాస్తు పట్టుకెళ్లింది.

"మీ రాణిగారి సంతకం ఏదమ్మా?" అన్నాడు గుమాస్తా తాబేలు.

"మాకు రాణి లేదండీ."

"రాణి లేకపోతే వెదురు లేదు."

"అయితే నేనే రాణిని. ఇలా ఇవ్వండి, పెడతా."

వెంటనే మంజూరైంది.

ఒక్కో ముద్దకి పాతికసార్లు పూలదాకా తిరిగి, రెక్కలు అరగదీసుకుని మట్టెమ్మ అయిదు గదులు కట్టింది. ఆమెకు మిగిలిన ఆయుష్షు ఇరవై రోజులు. ఆ అయిదు గుడ్లే ఆమె బతుకంతా.

వారం తిరక్కుండా పరిశీలనాధికారి వడ్రంగిపిట్ట వచ్చాడు. టకటకా మట్టి పగలగొట్టి, ముక్కు లోపల పెట్టి, బయటికి తీసి తుడుచుకున్నాడు.

"లోపల నా బిడ్డ ఏదండీ?"

"నమూనా తీసుకున్నానమ్మా. నాణ్యత బ్రహ్మాండం! రేపు రెండో గది చూస్తా."

మట్టెమ్మ ఏడుస్తూ అధ్యక్షుడి దగ్గరికి ఎగిరింది.

"పరిశీలన లేకుండా పెంపకం ఎలాగమ్మా?" అన్నాడు ఎలుగుబంటి. "ఫిర్యాదు రాసివ్వు. వడ్రంగిపిట్ట చేతే విచారణ చేయిస్తా."

అయిదు రోజుల్లో అయిదు నమూనాలూ అయిపోయాయి.

మట్టెమ్మ ఇక ఏడవలేదు. శాఖ ఇచ్చిన వెదుళ్లలో ఉత్త గదులు కట్టి, దిట్టంగా మట్టి మెత్తింది. కడుపులో మిగిలిన చివరి మూడు గుడ్లు మాత్రం అధ్యక్షుడి వెదురు కుర్చీ కాలికున్న చిల్లులో పెట్టింది. వడ్రంగిపిట్ట ఎక్కడైనా పొడుస్తాడు గానీ అధ్యక్షుడి కుర్చీని పొడవడు. చివరి గోడ పూర్తిచేసి, అక్కడే కన్నుమూసింది.

ఉత్త గదులు పొడిచి పొడిచి వడ్రంగిపిట్ట ముక్కు వంకరపోయింది. ఏమీ దొరకలేదని రాస్తే తను ఇన్నాళ్లూ ఏం చేశాడో అడుగుతారు. అందుకని "గదులన్నీ నిండుగా ఉన్నవి" అని నివేదిక రాసేశాడు.

మరుసటి ఏడు శాఖ వెదుళ్ల ముందు పెద్ద సభ జరిగింది. ఎంతసేపు చూసినా వాటిలోంచి ఒక్క ఈగా రాలేదు. చివరికి అధ్యక్షుడి కుర్చీ కింద మట్టి రాలి, మూడు ఈగలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి నేరేడు పూలవైపు వెళ్లిపోయాయి.

"చూశారా మన శాఖ పనితనం!" అంటూ ఎలుగుబంటి చప్పట్లు కొట్టి, వడ్రంగిపిట్ట మెడలో పతకం వేశాడు.

నీతి: పథకం ఫలించాలంటే, లబ్ధిదారు దానికి దొరక్కూడదు.