నూటఅరవై తర్వాత నూటడెబ్బైఏడు

పుస్తకాలు చదివేవాళ్ళంత ప్రమాదకరమైన మనుషులు లోకంలో లేరు!

ఊరికే అనడం లేదు. పద్నాలుగో ఏట బడి మానేసి, సియోల్లో ఇన్‌హ్యొన్ ప్రెస్సుల సందుల్లో బైండింగ్ పనికి కుదిరి, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పుస్తకాలు కుట్టి, అంటించి, అంచులు కోసి బయటికి పంపుతున్నవాణ్ణి. చదివేవాడు ఎలాంటివాడో నాకు తెలుసు. పుస్తకాన్ని వెల్లకిలా విరుస్తాడు. వెన్ను పగలగొడతాడు. కిమ్చీ పచ్చడి తిన్న చేత్తో పేజీ తిప్పుతాడు. ఆపైన ‘మీ జిగురు ఊడిపోయింది’ అని మాకే ఫోన్ చేస్తాడు.

అదే, ‘ఇప్పుడు ఇది చదువుతున్నాను’ అని ఫోటో పెట్టేవాళ్ళని చూడండి. దేవుళ్ళు! వాళ్ళింట్లో పుస్తకానికి ముసలితనం రాదు. కాఫీ కప్పు పక్కన పడుకుంటుంది, పిల్లి పక్కన పడుకుంటుంది, కిటికీలో ఎండ కాగుతుంది, మళ్ళీ అరలోకి వెళ్ళి నిలబడుతుంది. వెన్ను విరగడమన్న మాటే లేదు. మన ఇళ్ళల్లో కోడళ్ళకైనా ఉందా ఈ మర్యాద?

అందుకే నేను ఫోన్లో ‘నేటి పుట’ అనే గుంపులో చేరాను. నలభై వేలమంది సభ్యులు. ప్రతి నెలా ఒక పుస్తకం ఎంచుకుంటారు. ఎవరు ఏం చదువుతున్నారో, ఎన్నో పేజీలో ఉన్నారో, ఐదుకి ఎన్ని చుక్కలు వేశారో గంటగంటకీ చెప్పుకుంటారు. ఒకావిడ ఏడాదికి మూడువందల పుస్తకాలు చదువుతుందట. పేజీపేజీకీ రంగు చీటీలు అంటించి, తురాయి పెట్టుకున్న కోడిపుంజులా తయారు చేస్తుంది పుస్తకాన్ని. ఇంకొకాయన నీలం అట్టలే చదువుతాడు. సోఫా నీలం మరి! మా ఓనరు ప్యో గారు కూడా సభ్యులే. మా షెడ్డులో ఏ పుస్తకం కట్టినా, జిగురు ఆరకముందే ‘చదివాను, గుండె బరువెక్కింది, ఐదు చుక్కలు’ అని పెట్టేస్తారు. ఒకసారి పన్నుల చట్టాల సంకలనానికి కూడా గుండె బరువెక్కింది ఆయనకి.

నవ్వకండి. ఈ గుంపే నా అన్నం నిలబెట్టింది.

ఎలాగంటారా? ఈ మార్చిలో మాకో నవల వచ్చింది. మూడువందల ఇరవై పేజీలు, అంటే పదహారేసి పేజీల ఫారాలు ఇరవై. ఒక్కో ఫారం దొంతరని ఒక్కో గడిలో పెడితే మిషను వరసగా ఏరి పేరుస్తుంది. ఏ దొంతర ఏ గడిలో అన్నది మాత్రం మనిషి చూసుకోవాలి. ఆ మనిషిని నేను.

నాకో చెడ్డ అలవాటుంది. మధ్యాహ్నం భోజనం వేళ ఏదో ఒక ఫారం తీసి చదువుకుంటాను. ఆ రోజు పన్నెండో ఫారం చేతికొచ్చింది. అందులో ఓ రేవు పట్నంలో నూడిల్స్ కొట్టు పెట్టుకున్న తండ్రి ఆసుపత్రిలో పోతాడు. అయ్యో, అంతకుముందు ఏమైందని పదకొండోది కూడా తీశాను. అందులో ఆయన బతికే ఉన్నాడు. కొడుకు ఊరి నుంచి వస్తే, తన చేత్తో నూడిల్స్ వండి ఎదురుగా కూర్చుని తిన్నాడు. నేను ముక్కు చీదుకుంటూ లేచి, పదకొండు ఉండాల్సిన గడిలో పన్నెండు, పన్నెండు ఉండాల్సిన గడిలో పదకొండు పెట్టేశాను!

ఫారాల వెన్ను మీద నల్లటి గుర్తులుంటాయి. వరస సరిగ్గా ఉంటే మెట్లలా దిగుతాయి. చూస్తే తెలిసిపోయేది. కళ్ళు చెమర్చి ఉన్నవాడికి మెట్లు కనిపిస్తాయా? రెండువేల ప్రతులూ అలాగే వెళ్ళిపోయాయి. పేజీలు నూటఅరవై తర్వాత నూటడెబ్బైఏడు. నూటతొంభైరెండు తర్వాత నూటఅరవైఒకటి. తండ్రి ముందు చచ్చిపోయి, తర్వాత లేచొచ్చి నూడిల్స్ తింటాడు!

మిగిలింది చదువుదామని ఓ ప్రతి ఇంటికి తెచ్చుకున్నప్పుడు తెలిసింది నాకీ సంగతి. ఇక నా పని పోయినట్టే అనుకున్నాను. ఎందుకు అనుకోను? కిందటేడు మా షెడ్డులో గూ మేస్త్రీ అట్టలు తలకిందులుగా అంటించాడని, చేతిలో పేపరు కప్పు కాఫీ చల్లారకముందే పంపేశారు ప్యో గారు. ఈ వయసులో నన్ను ఏ షెడ్డువాడు పెట్టుకుంటాడు? సందులో సగం షెడ్లకి తాళాలే.

ఆ రోజు నుంచీ ఫోన్ మోగితే చాలు, నా ప్రాణం పైపైనే.

“ఏమయ్యా తక్ మేస్త్రీ, మొహం అలా పాలిపోయిందేం?” అన్నారు ప్యో గారు.

“పన్ను నొప్పండి.”

“పీకించెయ్. అన్నట్టు మనం కట్టిన ఆ రేవు నవల ఈ నెల ‘నేటి పుట’లో వచ్చింది. నేను చదివేశాలే. తండ్రి పోయేచోట ఉంది చూడూ... అబ్బా!”

“తర్వాత ఏమవుతుందండీ?”

“తర్వాతేముంది? గుండె బరువెక్కుతుంది.”

పాఠకులారా, నెల రోజులు కాచుకుని కూర్చున్నాను. రోజుకి నూరు అభిప్రాయాలొచ్చాయి. అట్ట రంగు బావుందన్నారు. కాగితం వాసన బావుందన్నారు. ‘మధ్యలో కాస్త నెమ్మదించింది’ అన్నారు. నెమ్మదించడమా? చచ్చినవాడు లేచి కూర్చుంటే నెమ్మదించడమా అది!

కొందరు నిజంగానే చదివారు. వాళ్ళు ఇంకా మహానుభావులు. నూటఅరవయ్యో పేజీ ‘నాన్న తలుపు తెరిచి’ అని ఆగుతుంది. నూటడెబ్బైఏడు ‘బాగా చల్లారాక మూత పెట్టమన్నాడు’ అని మొదలవుతుంది. ‘నాన్న తలుపు తెరిచి బాగా చల్లారాక మూత పెట్టమన్నాడు’ అనే వాక్యాన్ని పొగమంచు బొమ్మ మీద రాసి ఆరువందలమంది పంచుకున్నారు. ‘ఒక్క వాక్యంలో జీవితమంతా’ అన్నారు. చావుని వెనక్కి తిప్పిన శిల్పం అన్నారు. నెలాఖరున రచయితని వీడియోలో కూర్చోబెట్టి అదే అడిగితే, ఆయన కాసేపు పైకి చూసి, “కాలం తిన్నగా నడవదు కదండీ” అన్నాడు. అచ్చయిన పుస్తకం తనూ తెరవలేదన్నమాట!

ఎనిమిదో తరగతి దాటనివాడి చేతిపొరపాటుకి శిల్పమని పేరు రావడం ఇంకే దేశంలో జరుగుతుంది? నా పని నిలిచింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. చెప్పండి, ఈ గుంపు వరం కాదా?

అంతా సుఖంగా ఉండగా ఒక ముసలావిడ వచ్చి పడింది.

‘గున్‌సాన్ ఎండుచేపల కొట్టు యొమ్ సూన్‌బున్’ అని పేరు పెట్టుకుంది. కాఫీ లేదు, పిల్లి లేదు. ఎండుచేపల బుట్ట మీద పుస్తకం. ‘తండ్రి పోయాడని ఏడ్చాను. కాసేపటికి ఆయనే నూడిల్స్ తింటున్నాడు. పేజీల అంకెలు కూడా ముందుకీ వెనక్కీ ఉన్నాయి. మీ అందరికీ ఇలాగే ఉందా, నాకే ఇలా కనిపిస్తోందా?’ అని రాసింది.

అయిపోయింది నా పని. పట్టుబడ్డాను!

ఎక్కడ పట్టుబడతాను? నా దేవుళ్ళు లేరూ? ఆవిడ మీద పడ్డారు. ‘అమ్మగారూ, ఇది సీరియల్ కాదు, సాహిత్యం.’ ‘అమ్మగారూ, మళ్ళీ నెమ్మదిగా చదవండి.’ ‘మా అమ్మ కూడా ఈ మధ్య ఇలాగే అంటోంది, ఓసారి డాక్టరుకి చూపించండి.’ కింద నవ్వు బొమ్మలు, పూల బొమ్మలు. పుస్తకం అరలోంచి తీసి అంకెలు చూసినవాడు ఒక్కడు లేడు. అర్థం కాలేదని ఒప్పుకుంటే పరువు పోదూ?

రెండు రోజులకి ఆవిడ మళ్ళీ రాసింది. ‘మూడుసార్లు చదివాను. నాకు అలాగే కనిపిస్తోంది. బుధవారం ఆరోగ్య కేంద్రంలో మతిమరుపు పరీక్షకి పేరు రాయించాను. ఇక పుస్తకాలు వద్దులే. మా చెల్లెలి మనవరాలికి ఇచ్చేస్తాను.’

దానికి నూటపన్నెండు గుండె బొమ్మలొచ్చాయి.

నేను పుణ్యాత్ముణ్ణి కాను. సోమవారమంతా గింజుకున్నాను. చివరికి, నేనే మార్చి పెట్టానని, ఆవిడ కళ్ళూ బుర్రా రెండూ బాగానే ఉన్నాయని గుంపులో రాశాను. గుంపు నడిపేవాళ్ళు పావుగంటలో తీసేశారు. ‘తండ్రి చనిపోతాడని ముందే బయటపెట్టారు. నిబంధనలకి విరుద్ధం’ అట!

చేసేదేముంది? విడిగా మిగిలిన ఫారాలు ఏరి, చేత్తో ఒక్క ప్రతి కుట్టాను. మంగళవారం సెలవు పెట్టి గున్‌సాన్ బస్సెక్కాను. పన్ను పీకించుకుంటానని చెప్పాను ఓనరుకి.

మార్కెట్లో అడిగితే చూపించారు. రబ్బరు బూట్లు వేసుకుని చేపలు కట్టలు కడుతోంది.

“ఏం కావాలి?”

“ఏం వద్దమ్మా. మీ పుస్తకం తప్పు కట్టింది నేనే. సరైనది తెచ్చాను.”

చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. నూటఅరవై తిప్పింది. నూటఅరవైఒకటి. వేలు నాలిక మీద తడి చేసుకుంటూ, నేనక్కడ ఉన్నానన్న సంగతే మరిచిపోయి, నిలబడే ముప్ఫైరెండు పేజీలు చదివేసింది. ఇద్దరు కొనేవాళ్ళు వచ్చి చూసి వెళ్ళిపోయారు.

“అయితే నూడిల్స్ తిన్నాకే పోయాడన్నమాట.”

“అవునమ్మా.”

“పోనీలే. కడుపు నిండే పోయాడు.” కళ్ళజోడు తీసింది. తీసి, చేతిలో ఉన్న ఎండు పొలాక్ చేపతో నా భుజం మీద ఒక్కటిచ్చింది. “వెధవా! పదిహేను రోజులు నిద్రపోలేదురా నేను! పొయ్యి ఆపానో లేదో అని రాత్రుళ్ళు లేచి చూసుకున్నాను!”

“తప్పేనమ్మా. రేపు ఆ పరీక్షకి వెళ్ళకండి.”

“వెళ్తాను. తాళాలెక్కడ పెట్టానో నిజంగానే గుర్తులేదు.” పుస్తకాన్ని మళ్ళీ అటూ ఇటూ తిప్పింది. “వెనక అట్ట దగ్గర జిగురు ఎక్కువైంది. రెండువందల నాలుగో పేజీలో అచ్చుతప్పు. అదీ నువ్వేనా?”

“అది నేను కాదమ్మా.”

“ఊఁ. కొడుకు మాత్రం వట్టి దద్దమ్మ. తండ్రి వండిపెడుతుంటే ఫోన్ చూసుకుంటాడేమిటి!”

ముప్ఫై ఎనిమిదేళ్ళలో నేను కట్టిన పుస్తకం గురించి నేను విన్న మొదటి అభిప్రాయం అది. చుక్కలేమీ వెయ్యలేదు. రెండు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఇక మీకో మాట. ఆ నవల పేరు ‘రేవులో మూడు గొడుగులు’, మొదటి ముద్రణ. మీ ఇంట్లో ఉంటే, ఫోటో తియ్యకుండా ఒక్కసారి తెరవండి. నూటఅరవై తర్వాత నూటడెబ్బైఏడు వస్తే ఇన్‌హ్యొన్ సందుకి పట్టుకురండి. విప్పి, వరస సర్ది, మళ్ళీ కట్టి ఇస్తాను. ఒక్క పైసా వద్దు.

ఓనరు ఇది చూస్తే నా గతేమిటంటారా? ఆయన తప్పకుండా చూస్తారు. మొదటి పేరా ఫోటో తీసి ‘మా మేస్త్రీ రాశాడు, గుండె బరువెక్కింది’ అని గుంపులో పెడతారు. ఇక్కడిదాకా రారు. ఆయన వల్ల నాకు భయం లేదు.

భయమల్లా మీతోనే. చదివేవాళ్ళు ప్రమాదకరమైన మనుషులని మొదటే చెప్పాను. మీలో ఒక్కరు ఆ పుస్తకం చంకన పెట్టుకుని మా షెడ్డు గుమ్మంలో నిలబడినా సరే, సంగతి బయటపడుతుంది, నా పని ఊడుతుంది.

రండి. జిగురు వేడి చేసి ఉంచుతాను.