రెండు వందల కంప్యూటర్లకు ఒకే ముహూర్తం

గగన్‌పహాడ్‌లోని గరుడగమన కార్గో సర్వీసెస్ వారు తమ రెండు వందల కంప్యూటర్ల బయోస్ మార్పుకు శ్రావణ శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు శుభముహూర్తం నిశ్చయించారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.

బయోస్ అంటే ఏమిటో తెలియనివారు సిగ్గుపడనక్కరలేదు. జనరల్ మేనేజరు సత్తిబాబు గారికీ తెలియదు. కంప్యూటర్ మీట నొక్కగానే అన్నిటికంటే ముందు కళ్లు తెరిచేది అదే. టైం ఎంత, పెన్‌డ్రైవ్‌ను లోపలికి రానివ్వాలా వద్దా, తాళం ఎవరి దగ్గరుండాలి, అన్నీ అందులోనే. ఇదివరకు వాటిని మార్చాలంటే టెక్నీషియన్ మంజుల బల్లబల్లకూ తిరిగి, ఒక్కొక్క యంత్రం ముందు వంగాలి. ఇప్పుడు సంస్థ ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది. ఒక్కచోట కూర్చుని ఒక్కసారి నొక్కితే చాలు, మంచైనా చెడైనా రెండు వందలకూ వర్తిస్తుంది.

కొత్వాల్‌గూడ నుంచి వచ్చే ఈ మంజుల నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఈ పని సజావుగా ముగిస్తే పర్మనెంట్ చేస్తామని సత్తిబాబు గారు మాటిచ్చారు. కాగితం టైపు కూడా చేయించి, సంతకం ఒక్కటి మిగిల్చి బీరువాలో పెట్టారు.

ముహూర్తం నాడు మంజుల ఏడింటికే వచ్చి అంతా సిద్ధం చేసింది. సర్వర్‌కు పసుపు కుంకుమ పెట్టారు. కీబోర్డు కింద నిమ్మకాయ పెట్టారు. రావలసింది యజమాని లలిత్ గారే. ఆయన్ను తీసుకురావడానికి సత్తిబాబు గారు స్వయంగా వెళ్లారు. శకునం బాగాలేదని కారు రెండుసార్లు వెనక్కు తిరిగింది, మూడోసారి ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. వారు దిగేసరికి పదకొండు గంటల పన్నెండు నిమిషాలు. రాహుకాలం మాంచి ఊపులో ఉంది.

కంప్యూటర్‌లో గడియారం ఎక్కడుంటుందని సత్తిబాబు గారు అడిగారు. బయోస్‌లోనే అని మంజుల చెప్పింది. ఆయన ముఖం వికసించింది.

"అయితే అమ్మాయ్, అన్నిటినీ ఒక్కసారే తొమ్మిదీ పన్నెండుకు తిప్పెయ్."

"తిప్పొచ్చు సార్. గానీ, లారీలు, కాయితాలు అన్నీ గా టైం మీదనే నడుస్తయి. జర ఆలోచించుండ్రి, పరేషాన్ అయితది."

"సెట్టింగులు నువ్వు చూడు. శుభాశుభాలు నేను చూసుకుంటాను."

కంప్యూటర్లు బయటి గడియారాన్ని చూసి తమను తాము దిద్దుకుంటాయని తెలిసి, ఆ దురలవాటును కూడా మాన్పించమన్నారు. మంజుల నొక్కింది. రెండు వందల తెరల మీద తొమ్మిదీ పన్నెండయింది. లలిత్ గారు కొబ్బరికాయ కొట్టి, కాలం వెంట పరుగెత్తేది చిన్న సంస్థలని, కాలాన్ని తమ వెంట తిప్పుకునేది గరుడగమన అని ప్రసంగించారు. తొమ్మిదీ పన్నెండుకు వారి కరకమలములచే ప్రారంభించబడినదని పాలరాతి పలక బిగించారు.

ఆ రోజు దుబాయికి పోవలసిన బెండకాయల లారీ కంప్యూటర్ ప్రకారం పన్నెండింటికి, ఠంచనుగా బయలుదేరింది. శంషాబాద్ దాటుతుండగా ఆ బెండకాయలు ఎక్కవలసిన రెండున్నర విమానం లారీ నెత్తి మీదుగానే పోయింది. విమానం రెండు గంటలు ముందుగా బయలుదేరినందుకు సంజాయిషీ కోరుతూ సత్తిబాబు గారు లేఖ రాశారు. బెండకాయలను క్యాంటీన్‌లో నాలుగు రోజులు వండారు.

అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా అంటారేమో. ఫోన్‌లో టైం చూడటం సంస్థ పట్ల అవిశ్వాసమని మర్నాడే సర్క్యులర్ వచ్చింది. గడియారాన్ని సరిచేయొచ్చు కదా అనీ అంటారు. సరిచేస్తే ముహూర్తం మళ్లీ రాహుకాలంలో పడుతుంది. పైగా కంప్యూటర్‌లో సాయంత్రం ఆరు కావడానికి బయట ఎనిమిదవుతోంది. సిబ్బంది ప్రతిరోజూ రెండు గంటలు ముందే వస్తున్నట్టు హాజరు పట్టీ చూపిస్తోంది. ఇంత అంకితభావం లలిత్ గారు ఎన్నడూ చూడలేదు.

బెండకాయల ఆసామి మాత్రం ఊరుకోలేదు. సత్తిబాబు గారి అధ్యక్షతన విచారణ కమిటీ కూర్చుంది. సాఫ్ట్‌వేర్ తన చిట్టా విప్పింది: తొమ్మిదీ పన్నెండుకు, మంజుల లాగిన్ నుంచి, గడియారం మార్చబడినది. ఆ సమయంలో యజమాని, మేనేజరు ఇద్దరూ ఆరాంఘర్‌లో ఉన్నారు. సాక్షి డ్రైవరే. కనుక ఆజ్ఞ ఇచ్చినవారెవరూ లేరు. మంజుల సొంత బుద్ధితో చేసింది.

మంజుల ఒక్కటే అడిగింది. "తొమ్మిదీ పన్నెండుకు మీరు ఈడ లేకపోతే, గా పలక మీద రాసిన టైంకు కొబ్బరికాయ ఎవరు కొట్టినట్టు సార్?"

ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని కమిటీ నమోదు చేసింది. పలకా నిజమే, చిట్టా కూడా నిజమే. తప్పు మంజులది. గడియారం మాత్రం అలాగే ఉండాలి. బీరువాలోని కాగితం చించి, వెనక వైపు క్యాంటీన్ కూరల జాబితా రాశారు.

మంజుల తల్లి దుర్గవ్వకు గడియారం లేదు. ఇంటి మీదుగా పోయే విమానాలను బట్టి పొయ్యి ముట్టిస్తుంది. అంతా విని, కూతురి కంచంలో అన్నం పెడుతూ, "మీ సార్లు గిట్లనే తిప్పుకుంట కూసుంటే, పోయిన ఇమానం ఎనకకొచ్చిందా బిడ్డా?" అని అడిగింది. రాలేదని మంజుల చెప్పింది.

మీరు నవ్వుతున్నారు. సంతోషం. ఒక్కసారి లేచి మీ పెళ్లి ఆల్బం తీయండి. శుభలేఖ మీద ముహూర్తం ఎంతో చూడండి. జీలకర్రా బెల్లం పెట్టే ఫొటోలో పురోహితుడి చేతి గడియారం ఎంత చూపిస్తోందో కూడా చూడండి. ఆనాడు టైం దాటిపోయిందని మెల్లగా అన్న మనిషి ఒకరుండే ఉంటారు. వారు ఏ ఫొటోలోనైనా ఉన్నారేమో వెతకండి.