అక్షరక్రమంలో కీబోర్డు

ఆ ఆదివారం ఉదయం మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. టీ చల్లారేలోగా కంప్యూటరులో కొత్త ప్రోగ్రాము ఎక్కించి, భార్య గొంతు వినాలి.

ఆవిడ పోయిన వేసవిలో కన్నుమూశారు. బడి పిల్లల కోసం చదివి రికార్డు చేసిన కథ ఒకటి అందులో ఉంది. పాత ప్రోగ్రాము దాన్ని తెరవనని మొరాయిస్తోంది. ఆ కంప్యూటరును నడిపేందుకు లినక్స్ పెట్టుకున్నది ఆవిడే. మాస్టారికి దానిమీద దుమ్ము తుడవడం మాత్రమే వచ్చు.

ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టిన ఆదేశాన్ని మౌసుతో ఎత్తి, ఆదేశాలు రాసే నల్లటి కిటికీని తెరమీద తెరిచి అందులో దించారు. అది పాస్‌వర్డ్ అడిగింది. కొట్టారు. తెరమీద చుక్క కూడా పడలేదు. కీబోర్డు పాడైందనుకుని, పై వాటాలో ఉండే గడియారాల మెకానిక్కును పిలిచారు.

"లోపల దుమ్ము చూశారా మాస్టారూ? ఇంకొన్నాళ్ళు ఆగితే మొక్కలు మొలిచేవి!" అంటూ ఆయన పట్టకారుతో మీటలన్నీ ఊడదీసి శుభ్రం చేశాడు. ఇంతలో భార్య కేకేస్తే పైకి వెళ్ళాడు.

ఉత్తినే కూర్చోలేక మాస్టారే మీటలు బిగించారు. అవి ఇదివరకు ఎలా ఉండేవో ఆయనకు గుర్తులేదు. ఎలా ఉండాలో మాత్రం బాగా తెలుసు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా తప్పేనంది కంప్యూటరు. ఇక ఆ గొంతు వినే యోగం లేదేమోనని మాస్టారు హడలిపోయారు. వకీలు ఆఫీసులో టైపిస్టుగా పనిచేసే మరదలికి ఫోను చేశారు.

ఆమె వచ్చేసరికి మెకానిక్కు కూడా దిగి వచ్చాడు.

"ఇదేంటి బావగారూ! ఎ పక్కన బి వచ్చి కూర్చుంది?"

"అదే కదమ్మా దాని చోటు."

ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "పైన మూతలు మారితే కింద స్విచ్చులు మారవండీ. నేను చూడకుండానే కొడతాను. పాస్‌వర్డ్ చెప్పండి."

మాస్టారు గోడవైపు తిరిగి, "మొండిఘటం" అన్నారు.

"నేనేం చేశానండీ?"

"నిన్ను కాదమ్మా. పాస్‌వర్డే అది. మీ అక్క నన్ను అలా పిలిచేది."

ఆమె టైపు చేసింది.

"చూడు, ఏమీ పడటం లేదు."

"పడదు బావగారూ. పక్కవాళ్ళు చూడకుండా దాస్తుంది, అంతే."

మెకానిక్కు పట్టకారును మెల్లగా జేబులోకి తోశాడు. "అంటే మొదటినుంచీ బాగానే ఉందా?"

"ఇప్పుడు శుభ్రంగా కూడా ఉంది. మీ మేలు మరిచిపోను" అన్నారు మాస్టారు మనస్ఫూర్తిగా.

కొత్త ప్రోగ్రాము ఎక్కింది. మరదలు కంప్యూటరును ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. తెర నల్లబడి, అలాగే ఉండిపోయింది. మాస్టారు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నారు. కాసేపటికి వెలుగు వచ్చింది. వెతకగా కథ దొరికింది. ఆమె నొక్కింది.

ముందు చిన్న దగ్గు. ఆ తర్వాత ఆ గొంతు.

"ఏమండీ, రికార్డు చేస్తున్నాను. మీకు దణ్ణం పెడతాను, కాసేపు ఈ కంప్యూటరు జోలికి రాకండి."

మరదలు ముఖం పక్కకు తిప్పుకుంది. కథ మొదలైంది.

మాస్టారు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కథ అయ్యేదాకా అలాగే నిలబడి విన్నారు.